అవ్వ తిట్లు, అక్క మోకాళ్ళు

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్ళమ్మ సాయంత్రం అయ్యేసరికి కింది మెట్టు మీద కూర్చుని పిడికెడంత ఇనప రోట్లో ఆకూ వక్కా దంచుకుంటుంది. పళ్ళు లేవు పాపం. ఆ టకటక చప్పుడు మొదటి అంతస్తులో ఉన్న మా ఇంటిదాకా వస్తుంది, చప్పుడు వెనకాలే వాసన కూడా ఎక్కి వస్తుంది, తడి తమలపాకు, సున్నం, వాటి అడుగున కొంచెం ఘాటుగా పొగాకు. అప్పటికి నేను బడి నుంచి వచ్చి, మోకాళ్ళకు నూనె రాసుకుని, ఒళ్ళో పేపర్లు పెట్టుకుని దిద్దుతూ ఉంటాను. ఇంగ్లీషు గ్రామర్. గీత గీసిన మాట అడ్జెక్టివో అడ్వెర్బో చెప్పమని ప్రశ్న. నేను ఈ తిరుపతిలో ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అదే ప్రశ్న ఇస్తున్నాను, అప్పటి పిల్లల పిల్లలు కూడా వచ్చి అదే తప్పు రాసి పోతున్నారు. మాట చివర ఎల్, వై కనబడితే కళ్ళు మూసుకుని అడ్వెర్బ్ అని రాసేయమని ఫోన్లో ఎవరో చెప్పారట, కాబట్టి 'ఫ్రెండ్లీ' అడ్వెర్బ్ అయి కూర్చుంది, 'ఫాస్ట్' పాపం ఎటూ కాకుండా పోయింది. ఎర్ర గీత కొట్టి కొట్టి చెయ్యి లాగుతుంది. విసుగొచ్చిందని చెప్పుకోవడానికి కూడా ఇప్పుడు విసుగ్గానే ఉంటుంది.

ఆ వాసన తగిలినప్పుడు మాత్రం పెన్ను ఆగిపోతుంది. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, పక్కన పడుకున్నంత కాలం నా దుప్పటికి ఉండిన వాసన అది.

మాది పాకాల. స్టేషన్ వెనక, పట్టాల మీద పనిచేసే గ్యాంగ్ మనుషుల ఇళ్ళ వరసలో మా ఇల్లు. నాయన పొద్దున్నే సుత్తీ జెండా పట్టుకుని పట్టాల వెంబడి నడిచిపోయేవాడు, చీకటి పడేముందు బూడిద కొట్టుకున్న కాళ్ళతో తిరిగొచ్చేవాడు. అప్పట్లో ఇంకా బొగ్గు ఇంజన్లే. ఉతికి ఆరేసిన తెల్లగుడ్డ సాయంత్రానికి తెల్లగా ఉంటే ఆ రోజు రైలు రాలేదని అర్థం. మాఘం దాటితే ఇంటి ముందర చాపల నిండా చింతపండు, ఆ పులుపు గాలికే నోరూరి, నేనూ అక్కా అచ్చంగాయలు ఆడుతూ ఆడుతూ రాళ్ళకు బదులు చింతగింజలు ఎగరేసేవాళ్ళం, వాటినే వేయించుకుని పుక్కిట పెట్టుకుని తిరిగేవాళ్ళం. ఎండాకాలం మామిడి లారీలు రోడ్డంతా వాసన చల్లుకుంటూ పోయేవి. ఉగాదికి ఓళిగలు, ఆ పెనం మీది మొదటి ఓళిగ ఎవరిదని నాకూ అక్కకూ యుద్ధం. మామూలు రోజుల్లో రాగిసంగటి, రోట్లో నూరిన శెనక్కాయల ఊరుబిండి, సంగటి ముద్దలో వేలితో గుంట చేసి ఇంత నెయ్యి పోసేది అమ్మ, నెయ్యి ఉన్న రోజున. ఇవన్నీ చెబుతున్నాను గానీ, కళ్ళు మూసుకుంటే ముందుగా వినబడేది మాత్రం వీటిలో ఏదీ కాదు. మా అవ్వ తిట్టు వినబడుతుంది.

అవ్వ తిట్టేది. కోపమొచ్చి కాదు, ఊపిరి పీల్చినట్టు తిట్టేది. పొద్దున కోళ్ళగంప ఎత్తుతూ మొదలుపెడితే, పాలవాడినీ, నాయననూ, సందు చివర కుళాయినీ, ఎండనూ, ఎండ రాకపోతే మబ్బునూ, కాట్పాడి వైపు నుంచి వచ్చే రైలునూ, ఎవరినీ వదిలేది కాదు. రోజుకొక కొత్త తిట్టు, ఒకరికి వాడింది ఇంకొకరికి వాడదు. ఇంటికొచ్చిన చుట్టాలు ఆమె నోటికి భయపడేవాళ్ళు, మళ్ళీ అవ్వ ఒక పూట తిట్టకపోతే ఒంట్లో బాగాలేదా అని కనుక్కునేవాళ్ళు. ఆ తిట్లలో పెద్ద వాటా ఎప్పుడూ అమ్మకే. అమ్మ దామలచెరువు పిల్ల, మెత్తటి మనిషి. పొయ్యి ముందు కూర్చుని అన్నీ వినేది, మారుమాట అనేది కాదు.

ఇక మా అక్క సులోచన సంగతి. అక్క పదో తరగతి ఇంగ్లీషులో ఒకసారి పోయింది, రెండోసారీ పోయింది. మిగతావన్నీ గట్టెక్కాయి, లెక్కలు కూడా. ఇంగ్లీషు ఒక్కటే గొంతులో ముల్లు. అక్కకు నర్సు కావాలని ఉండేది. చిన్నప్పుడు నాకు విషజ్వరం వచ్చి చిత్తూరు ఆస్పత్రిలో పడి ఉంటే, తెల్లచీర కట్టుకున్న ఒక నర్సమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి నిలబడిందట, అదొక్కటీ అక్క మనసులో అట్లా నిలిచిపోయింది. ఒక మిషన్ ఆస్పత్రిలో పదో తరగతి పాసైన ఆడపిల్లలను నర్సు చదువుకు తీసుకుంటారు, ఆ ఏడు దాటితే అక్కకు వయసు మీరిపోతుంది. మూడోసారి కూడా పోతే పీలేరు దగ్గర మేనమామ కొడుక్కి ఇచ్చి చేసేద్దామని నాయన అప్పటికే మాట అనేసి వచ్చాడు. ఆ బావ చెడ్డవాడేం కాదు. కానీ అక్క ఆ మాట విన్న రోజు నుంచి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేది.

బడిలో ఇంగ్లీషు చెప్పే దానియేలు అయివారు సాయంత్రం సైకిల్ మీద ఇంటికి పోతూ మా తిన్నె దగ్గర ఆగి అక్కకు కాసేపు చెప్పేవారు. నర్సు చదువు సంగతి మా చెవిన వేసింది కూడా ఆయనే, ఆయన చెల్లెలు ఆ ఆస్పత్రిలోనే పనిచేసేది. సన్నగా, మెల్లిగా ఉండే మనిషి, ఈగను తోలినా దానికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు తోలేవారు. అక్క అన్నీ ఎట్లాగో తోసుకొచ్చేది గానీ, అడ్జెక్టివ్, అడ్వెర్బ్ దగ్గరికి వచ్చేసరికి బండి పట్టాలు తప్పేది. పేరును గురించి చెప్పేది అడ్జెక్టివ్, పనిని గురించి చెప్పేది అడ్వెర్బ్ అని అప్పచెప్పేది, గుక్క తిప్పుకోకుండా అప్పచెప్పేది. ఒక వాక్యం రాసి అడిగితే మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

ఒకనాడు ఇట్లా అక్క కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఉండగా మా మేక వచ్చి చాప మీది చింతపండుకు మూతి పెట్టింది. అవ్వ ఆకురోలు పక్కన పెట్టి లేచింది.

"ఒసే దొంగ మేకా, తిండిపోతు మేకా! ఎంత ఆబగా మేస్తా ఉండావే, రవ్వంత నిమ్మళంగా మెయ్యకూడదా, నీ ఎనకాల రైలొస్తా ఉండాదా?"

అయివారు పుస్తకం మూసేశారు. "సులోచనా, అవ్వ ఆ మేకను ఎట్లాంటిదనింది?"

"దొంగది, తిండిపోతుది అనింది సార్."

"అది అడ్జెక్టివ్. ఎట్ల మేస్తా ఉండాదనింది?"

"ఆబగా."

"అది అడ్వెర్బ్. ఇంగ ఏడవద్దు. మనిషిని తిడితే కుడి మోకాలు తట్టుకో, మనిషి చేసే పనిని తిడితే ఎడమ మోకాలు తట్టుకో."

"మేకను తిడితేనో సార్?" అని నేను అడిగాను.

"ఈ పూటకు మేక కూడా మనిషేలే పాపా."

అట్లా మొదలైంది. గ్రీడీ గోట్, ఈట్స్ గ్రీడిలీ. అవ్వ తిట్టిన ప్రతి తిట్టుకూ అయివారు ఇంగ్లీషు చెప్పేవారు, అక్క మోకాలు తట్టి, తర్వాత కాగితం మీద రాసేది. "నా తిట్లకు ఇంగిలీసు కూడా ఉండాదా అయివోరా?" అని అవ్వ ఎంత ఆశ్చర్యపోయిందో, అంత మురిసిపోయింది. మరుసటి రోజు నుంచి ఆమె తీరే మారిపోయింది. గొంతు సవరించుకుని, మాటమాటా విడదీసి, పంతులు మంత్రం చెప్పినట్టు తిట్టేది. తిట్టి, అక్క ఏ మోకాలు తడుతుందో చూసి, అప్పుడు రెండో తిట్టు ఎత్తుకునేది. "నల్లమొగం రైలా" అనేది, కుడి మోకాలు. "ఒకనాడన్నా తిన్నంగా వచ్చినావా" అనేది, ఎడమ మోకాలు. అక్క వంటింట్లోకి పోతే వంటింట్లోకి, బావి దగ్గరికి పోతే బావి దగ్గరికి, వెంటబడి తిట్టేది. నీళ్ళబిందె చంకన పెట్టుకుని ఒంగి మోకాలు తట్టుకునే మా అక్కను చూసి, పిల్లకు మోకాళ్ళ వాతమా అని వీధిలో ఆడవాళ్ళు అడిగారు. అక్క నవ్వింది. ఆ ఏడాది అక్క నవ్వగా నేను చూసింది అప్పుడే.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒక మంగళవారం అవ్వ తలంటుకుని, కుండలో అంబలి కాచి వేపాకు చుట్టి, గంగమ్మ గుడికి పోయి పోసి వచ్చింది. వచ్చేసరికి మేక తాడు తెంపుకుని సగం చాప చింతపండు కడుపులో వేసుకుని, మిగతా సగం మీద నిలబడి ఉంది. మేమందరం చెవులు రిక్కించుకున్నాం. అక్క మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది. అవ్వ మేక వైపు చూసింది, దాని మెడ పట్టుకుని పక్కకు జరిపింది.

"పోనీలే, నోరులేని జీవం" అనింది.

అమ్మ చేతిలో సంగటి కట్టె జారిపోయింది. పనికి బయల్దేరబోతున్న నాయన పరిగెత్తుకొచ్చి అవ్వ నుదురు పట్టుకుని చూశాడు.

"నాకేమీ కాలేదురా. కాశీకి పోయినోళ్ళు ఇష్టమైన కాయో కూరో వదిలేసి వస్తారంట. నాకు కాశీ యాడ అబ్బుతుంది? నాకిష్టమైంది ఇదొకటే. పిల్ల పాసయ్యేదాకా ఒక్క తిట్టు తిట్టనని అమ్మోరికి చెప్పేసి వచ్చినా" అనింది అవ్వ.

అక్క మొహం చూడాలి ఆ పూట. ఈత నేర్చుకునేవాడి నడుముకు కట్టిన బెండు, మునిగిపోతాడేమోననే ప్రేమతో ఎవరో విప్పేసినట్టయింది. "ఇప్పుడేనా అవ్వా? పరీక్ష ఇంగ ముందరే ఉండాదే!" అని ఏడ్చింది. "ఒక్కటి తిట్టవ్వా, అమ్మోరు ఏమనుకోదులే" అని చేతులు పట్టుకుంది. అవ్వకు తాను చేసిన పని అప్పుడు అర్థమైంది. పెదవులు కదిలాయి. కానీ మొక్కు మొక్కే, అమ్మవారితో పరాచికాలా? తల అడ్డంగా తిప్పి, ఆకురోలు దగ్గరికి పోయి కూర్చుని, ఊరికే దంచుతూనే ఉండిపోయింది. సాయంత్రం అయివారు వచ్చి సంగతంతా విన్నారు. ఆయన చర్చికి పోయే మనిషి, అయినా అవ్వను మొక్కు తప్పమని అడగలేదు. తానే తిడతానని మేక ముందుకు పోయి నిలబడ్డారు. "ఓ... అంత మంచిది కాని మేకా" అన్నారు. మేక ఆయన వైపు ఒకసారి చూసి మళ్ళీ నెమరు వేసుకుంది.

అప్పుడు అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వంటింట్లో నుంచి బయటికి వచ్చింది. అయివారి ఎదుట అమ్మ గడప దాటి నిలబడడం అదే మొదలు.

"నేను తిడతా. నువ్వు తట్టుకో సులోచనా" అనింది.

మేకతో మొదలుపెట్టింది. అవ్వ మాట, అవ్వ గొంతు, తిట్టు చివర అవ్వ తీసే దీర్ఘం కూడా అదే. ఇన్నేళ్ళు విని విని అమ్మకు అన్నీ నోటికి వచ్చేశాయని మాలో ఎవరికీ తెలియదు. కోళ్ళను తిట్టింది, కుళాయిని తిట్టింది, ఇంట్లో లేని నాయనను తిట్టింది. అక్క చేతులు కుడీ ఎడమా టపటపా తడుతున్నాయి, అయివారు నవ్వు ఆపుకోలేక ఇంగ్లీషు అందిస్తున్నారు, నేను తిన్నె మీద పడి దొర్లుతున్నాను. మేకలూ కోళ్ళూ అయిపోయాయి. అమ్మ ఆగలేదు. తనకు పడిన తిట్లలోకి వచ్చింది.

"చేతకాని కోడలా, వంకర చేతిదానా, నిద్రపోతా నిద్రపోతా కెలుకుతావే సంగటి" అనింది. అక్క తట్టింది. "గొడ్డు మొగందానా, ఏం చూసుకోని నిమ్మళంగా కూసోనుండావే నా కొడుకు పక్కన" అనింది, అని ఆగిపోయింది.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు గానీ అమ్మకు అక్క పుట్టలేదు. ఆ సంగతి మాకు తెలుసు. ఆ ఏళ్ళలో ఆ ఇంట్లో ఏ మాటలు నడిచాయో అప్పటిదాకా తెలియదు. అక్క చెయ్యి గాలిలో నిలిచిపోయింది. అయివారు తల వంచుకుని సైకిల్ చక్రం వైపు చూస్తున్నారు. అమ్మ కళ్ళలో నీళ్ళు లేవు, తానే ఆ మాట అనిందా అని ఆశ్చర్యపోతున్నట్టు నిలబడి ఉంది. అవ్వ దంచడం ఆపేసింది. ఇంకొక రోజైతే ఏదో ఒకటి తిట్టి ఆ పూటను దాటేసేది. ఇప్పుడు తిట్టే వీలు లేదు, తిట్టకుండా మాట్లాడడం ఆమెకు అలవాటు లేదు. గోడ పట్టుకుని లేచింది. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి అమ్మ ముందు పట్టుకుని నిలబడింది. ఆ ఇంట్లో అత్త కోడలికి నీళ్ళు తెచ్చివ్వడం ఎవరూ చూసి ఉండరు. అమ్మ వెంటనే తీసుకోలేదు. చెంబు తొణికి నీళ్ళు కాళ్ళ మీద ఒలికాయి, అయినా అవ్వ చెయ్యి దించలేదు. అప్పుడు తీసుకుంది అమ్మ, తీసుకుని గుటకగుటకగా అంతా తాగేసింది.

పరీక్షల దాకా ప్రతి సాయంత్రం అమ్మే తిట్టింది. మేకనూ రైలునూ మాత్రమే. అవ్వ పక్కన కూర్చుని, ఎక్కడన్నా అమ్మకు మాట తట్టకపోతే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊరుకునేది.

ఫలితాలు పేపర్లో పడే రోజులవి, పేపరు పొద్దుటి రైల్లో వచ్చేది. నాయన స్టేషన్‌కు పోయాడు. మేమంతా తిన్నె మీద, అమ్మ మాత్రం వంటింట్లో. నాయన పట్టాల మధ్యన నడిచి వస్తున్నాడు, చేతిలో పేపరు, మొహం ఆనవాలు పట్టేంత దగ్గరికి రాలేదు ఇంకా. రోజూ దుంగ దుంగకూ అడుగు వేసే మనిషి, ఆ రోజు రెండేసి దుంగలు దాటుతూ వస్తున్నాడు. ఇంటి ముందుకు వచ్చి, పేపర్లో అక్క నెంబరు మీద వేలు పెట్టి చూపించాడు. అక్క కొయ్యబారిపోయి నిలబడింది.

అవ్వ నోరు తెరిచింది. "ఎద్దు మాదిరి నిలబడుకోని ఏం సూస్తావే మొద్దు మొగందానా! బిర్నా పోయి మీ అమ్మకు సెప్పు!"

అక్క ఏడుస్తూనే ఒంగి కుడి మోకాలు తట్టుకుంది, ఎడమ మోకాలు తట్టుకుంది, తర్వాత లోపలికి పరిగెత్తింది. ఆ పూట అవ్వ సాయంత్రం దాకా ఆగకుండా తిట్టింది, దాచుకున్నవన్నీ తిట్టింది. పోయేదాకా కూడా తిట్టింది, నన్ను, నాయనను, మేకను, ఆ మేక పోతే దాని పిల్లను. అమ్మను మాత్రం మళ్ళీ ఒక్క మాట అనలేదు. సంగటి ఉండలు కట్టినా ఊరికే తినేసి లేచేది. అది అమ్మకు హాయిగా ఉండిందో, వెలితిగా ఉండిందో నేను అడగలేదు. ఒక్కోసారి అమ్మ కావాలనే గిన్నెలు చప్పుడు చేసేదని నాకు అనుమానం.

అక్క నర్సయింది, తెల్లచీర కట్టుకుంది, ఎందరి నుదుళ్ళ మీదో చెయ్యి వేసింది, రిటైరయ్యి చంద్రగిరిలో చిన్న ఇల్లు తీసుకుంది. అవ్వ నోరు అక్కకు వచ్చిందని రోగులు ఎవరూ నమ్మరు గానీ, నా ఫోన్‌కు మాత్రం ప్రతి ఆదివారం వచ్చేది. "మందులు ఏసుకున్నావా సోమరి మొగమా, మోకాళ్ళను అట్ల మొండిగా వదిలేస్తే ఎట్లా" అని. నేను ఇవతల తట్టుకునేదాన్ని, అక్క అవతల చప్పుడు విని నవ్వేది. పోయినేడు అక్క కూడా పోయింది. పాకాలలో ఆ ఇళ్ళ వరస లేదు, బొగ్గు రైలు లేదు, మాఘం దాటితే చింతపండు గింజ తీసేసి కవర్లలో వస్తుంది. ఆదివారాలు నా ఫోన్ మోగదు. నన్ను మేడమ్ అనేవాళ్ళే మిగిలారు అంతటా, బడిలో, వీధిలో, బ్యాంకులో. అందరూ మంచివాళ్ళే. ఎంత అలసటగా ఉంటుందో చెప్పలేను.

మొన్న సాయంత్రం దిద్దిన పేపర్ల కట్ట పట్టుకుని మెట్లు దిగుతున్నాను. ఆఖరి మెట్ల దగ్గర మోకాలు పట్టు తప్పింది. రెయిలింగ్ దొరికింది గానీ కట్ట చేజారి, అడ్జెక్టివ్‌లూ అడ్వెర్బ్‌లూ అన్నీ మెట్ల నిండా చెదిరిపోయాయి. కింద ఆకు దంచుకుంటున్న వాచ్‌మన్ వాళ్ళమ్మ ఉలిక్కిపడి అరిచింది.

"కండ్లు లేని మనిషా! మెల్లంగా దిగకూడదా!"

నేను అట్లాగే మెట్టు మీద కూర్చుండిపోయాను. నా చెయ్యి నన్ను అడగకుండానే కుడి మోకాలు తట్టింది, తర్వాత ఎడమ మోకాలు తట్టింది. కళ్ళు నిండిపోయాయి.

ఆమె అప్పటికే నాలుక కరుచుకుని, రోలు పక్కకు నెట్టి లేచి నిలబడింది. "తప్పయిపోయింది మేడమ్, ఎవరో అనుకున్నా, నోరు జారినాది. మా వాడితో చెప్పొద్దు మేడమ్."

"ఇంకొకటి అనవ్వా" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. కోపంతో అంటున్నాననుకుంది. "అయ్యో, ఎంత మాట మేడమ్" అని, నడుము పట్టుకుని ఒంగి, ఒక్కొక్క కాగితమే ఏరి, కొంగుతో దుమ్ము తుడిచి, నా ఒళ్ళో పెట్టింది. ఎంతో మర్యాదగా పెట్టింది.